కొండ నిండా మాన్లున్నాయి, మరి పిల్లమొక్కలేవీ?

తిరుపతి నుంచి రైల్వే కోడూరు పోయే బస్సు మామండూరు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్కన ఎర్రచందనం కనిపిస్తుంది. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన నల్లటి బెరడు, నిటారుగా లేచిన మాను, పైన గుండ్రటి ఆకుల గుబురు. ఒకసారి నా పక్క సీట్లో కూర్చున్న పెద్దాయన కిటికీలోంచి చాలాసేపు చూసి అడిగారు: "ఏమబ్బా, ఇన్ని మాన్లు కండ్ల ముందరే ఉండాయి గదా. ఇవి అంతరించిపోతాండాయని పేపర్లో ఎందుకు రాస్తారు?"

న్యాయమైన ప్రశ్న. స్మగ్లర్లు, గొడ్డళ్లు, దుంగలు అని నాకు తోచిందేదో చెప్పాను. అందులో తప్పేమీ లేదు కానీ, అసలు జవాబు అక్కడితో అయిపోదు. చెట్లు కళ్ల ముందు కనబడుతూనే ఒక జాతి ఎలా తరిగిపోతుందో అర్థం కావాలంటే అడవిలో మొక్క ఎలా పుడుతుంది, ఎలా పెరుగుతుంది, ఎక్కడ చచ్చిపోతుంది అన్న లెక్కలోకి దిగాలి. ఆ రోజు కోడూరు చేరేలోపు చెప్పలేకపోయిన జవాబు ఇది.

మా వైపు కొన్ని ఊళ్లు చూడండి. ఇళ్లు పెద్దవే, గోడలకు కొత్త రంగులే, సాయంత్రమైతే అరుగుల మీద మనుషులుంటారు. బడికి వెళ్తే మాత్రం తరగతికి నలుగురే పిల్లలు. పడుచువాళ్లంతా కువైట్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. ఈ రోజు తలలు లెక్కపెడితే ఊరు నిండుగానే ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో తెలియాలంటే బడి రిజిస్టరు తెరవాలి. అడవికీ అలాంటి రిజిస్టరే ఒకటుంది. అది మన మోకాలి కంటే కింద, గడ్డిలో ఉంటుంది. బస్సు కిటికీలోంచి కనబడదు.

ఒక చెట్టుకు ఒక్క బిడ్డ

ముందు ఒక చిన్న లెక్క. ఒక చెట్టు అరవై ఏళ్లు కాపు కాసిందనుకుందాం. ఏడాదికి వెయ్యి కాయలు వేసుకున్నా జీవితకాలంలో అరవై వేల కాయలు. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలే. ఈ అరవై వేలలో ఎన్ని పెరిగి పెద్ద చెట్లయితే ఆ జాతి ఉన్న చోట ఉన్నట్టే నిలబడుతుంది?

ఒక్కటి. సగటున ఒకే ఒక్కటి. తల్లి చెట్టు కూలిపోయేలోపు దాని స్థానంలో నిలబడడానికి ఒక్క బిడ్డ ఉంటే చాలు.

ఒక్కొక్క చెట్టుకు రెండేసి బిడ్డలు నిలిస్తే తరానికి రెట్టింపు అవుతూ, పది తరాలకు వెయ్యి రెట్లు దాటుతుంది. అన్ని చెట్లకు ఏ కొండా చాలదు. రెండు చెట్లకు కలిపి ఒక్క బిడ్డే నిలిస్తే తరానికి సగం చొప్పున తగ్గి, అదే పది తరాల్లో వెయ్యి చెట్ల దగ్గర ఒకటి మిగులుతుంది. అంటే అరవై వేల కాయల్లో రెండు బతకడానికీ, ఒకటి బతకడానికీ, అరా కొరా బతకడానికీ మధ్య తేడాలోనే ఒక జాతి పెరగడం, నిలవడం, పోవడం మొత్తం ఇమిడి ఉంది. ఇంత సన్నటి తేడా కంటికి ఆనదు. అందుకే అడవి పచ్చగా ఉందంటే అంతా బాగానే ఉందని అనుకుంటాం.

మరి మిగిలిన 59,999 ఎక్కడ పోతాయి? దారి పొడవునా పోతాయి. ఒక్కో మజిలీలో ఒక్కో జల్లెడ.

పూత నుంచి కాయ దాకా

మొదటి జల్లెడ పూత దగ్గరే ఉంటుంది. ఎర్రచందనం ఎండాకాలంలో, ఆకులు రాల్చిన కొమ్మల మీద పసుపు పచ్చగా పూస్తుంది. ఒక్కో పువ్వు ఆయుష్షు దాదాపు ఒక్క రోజే. ఆ ఒక్క రోజులో తేనెటీగ రావాలి. కొండతేనె పెట్టే పెద్ద ఈగలు, పుట్టతేనె ఈగలు, చిన్న జుంటీగలు ఈ చెట్టుకు ముఖ్యమైన చుట్టాలు. ఈగ వస్తే చాలదు, అది వేరే ఎర్రచందనం చెట్టు నుంచి పుప్పొడి తేవాలి. తన పుప్పొడి తనకే అంటిన పువ్వుల్లో చాలావరకు పిందెలోనే రాలిపోతాయి. చూడటానికి కొమ్మంతా బంగారు రంగులో విరగబూసినా అందులో కాయ పట్టేది కొద్ది భాగమే.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఒక చెట్టు కాపు ఆ చెట్టు బలం మీద మాత్రమే ఆధారపడదు, ఇరుగుపొరుగు మీద కూడా ఆధారపడుతుంది. ఒక వాలులో యాభై పెద్ద చెట్లుంటే, ఒకే రోజుల్లో పూసిన చెట్ల మధ్య ఈగలు తిరుగుతూ పుప్పొడిని మారుస్తాయి. నలభై నరికేస్తే మిగిలిన పది ఒకదానికొకటి దూరమవుతాయి. ఆ పదీ ఆరోగ్యంగానే ఉంటాయి, పూస్తాయి కూడా. ఈగ మాత్రం ఉన్న చెట్టు మీదే తిరిగి, తిన్నది చాలనుకుని వెళ్లిపోతుంది. చెట్ల సంఖ్య అయిదో వంతుకు పడితే కాపు అంతకంటే ఎక్కువగా పడిపోవచ్చు. గుంపు పలచబడిన కొద్దీ మిగిలిన వాటి సంతానం తగ్గడాన్ని శాస్త్రవేత్తలు అలీ ప్రభావం అంటారు. దీన్ని గుర్తించిన అమెరికన్ జీవశాస్త్రవేత్త పేరు మీద వచ్చిన మాట అది. ఇంకా సులువుగా చెప్పాలంటే, ఒంటి చెట్టు ఒంటరిదే.

ఈ సంగతి ఇంకా గట్టిగా తెలియాలంటే అదే శేషాచలం కొండల్లో ఉన్న మరో మొక్కను చూడాలి. సైకస్ బెడ్డోమి దాని శాస్త్రీయ నామం. అక్కడివాళ్లు పెరిత అనీ, మదనకామాక్షి అనీ పిలుస్తారు. పొట్టి మొద్దు మీద ఈత మట్టల్లాంటి ఆకుల కిరీటం. ఈత చెట్టుకూ దానికీ చుట్టరికం లేదు, పోలిక ఒక్కటే. పువ్వులు పూసే మొక్కలు భూమ్మీదికి రాకముందు నుంచీ ఉన్న వంశం దానిది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ పేరు దానికి పెట్టారు. తిరుమల, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా పెరగదు.

ఇందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్క నడినెత్తిన మొక్కజొన్న పొత్తు ఆకారంలో ఒక పెద్ద శంకువు లేస్తుంది. పుప్పొడి అందులో ఉంటుంది. నాటు మందుల కోసం జనం కోసుకుపోయేది సరిగ్గా ఆ శంకువునే. కోసినవాళ్లు మొక్కను చంపరు. మొద్దు అలాగే ఉంటుంది, మళ్లీ ఆకులు వేస్తుంది. అడవి మంట వచ్చి ఆకులన్నీ మాడిపోయినా ఆ మొద్దు తట్టుకుని లేత ఆకులు తొడుగుతుంది. అంత గట్టి మొక్క. ఎవరైనా వెళ్లి లెక్కపెడితే మగవి ఇన్ని, ఆడవి ఇన్ని, అన్నీ బతికే ఉన్నాయని రాసుకొస్తారు. కానీ ఆ ఏడాది ఆ చుట్టుపక్కల ఆడ మొక్కలకు పుప్పొడి అందలేదు. గింజ పట్టలేదు. ఒక్క మొక్కా చావకుండానే ఆ వాలులో ఒక తరం ఆగిపోయింది. అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో ఈ మొక్కను అన్నిటికంటే కఠినమైన మొదటి జాబితాలో పెట్టారు. కొండ మీద శంకువు కోసే చేతికి ఆ జాబితా సంగతి తెలియదు. తెలియాల్సింది మాత్రం అక్కడే.

గాలికి ఎగిరే రూపాయి బిళ్ల

ఎర్రచందనం కాయ చేతిలోకి తీసుకుంటే పాత రూపాయి బిళ్ల గుర్తొస్తుంది, దానికంటే కాస్త పెద్దది. మధ్యలో గట్టి బొడిపె, దాని చుట్టూ కాగితంలా పలచటి అంచు. బొడిపెలో మామూలుగా ఒకటే గింజ, ఎప్పుడైనా రెండు. దీని శాస్త్రీయ నామంలో ఉన్న ప్టెరోకార్పస్ అనే గ్రీకు మాటకు అర్థం రెక్కల కాయ. దీని అన్న వరస అయిన వేగిస చెట్టుకూ ఇలాంటి కాయే. వేలితో నొక్కి చూస్తే ఆ బొడిపె ఎంత గట్టిదో తెలుస్తుంది. నీరు లోపలికి దిగడానికి చాలా టైమ్ పడుతుంది. నర్సరీల్లో ఈ కాయల్ని పేడ నీళ్లలో నానబెట్టి మెత్తబరచి వేస్తారు. అయినా వేసినవన్నీ మొలవవు. అడవిలో నానబెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడ వాన ఎన్ని రోజులు పట్టి కురిస్తే అన్ని రోజులే నానడం.

రెక్క ఎందుకంటే తల్లికి దూరంగా పోవడానికి. మహావృక్షం నీడన మరో చెట్టు ఎదగదని అంటాం. నీడ ఒక కారణం మాత్రమే. శాస్త్రవేత్తలు డేనియల్ జాన్జెన్ 1970లో, జోసెఫ్ కానెల్ 1971లో విడివిడిగా చెప్పిన ఇంకో కారణం ఉంది. ఒక జాతి గింజల్ని తినే పురుగులు, ఆ జాతి మొలకల్ని కుళ్లబెట్టే బూజులు తల్లి చెట్టు కిందే కాపురం ఉంటాయి. వాటికి అక్కడ ఏటా విందు. తల్లి కింద పడ్డ గింజలు ఎన్ని ఉన్నా అవి వాటి నోటబడతాయి. దూరంగా ఎగిరిపడ్డ ఒకటీ అరా వాటి కంట పడకుండా బతికి బయటపడతాయి. ఒక అడవిలో ఒకే జాతి అంతా కమ్మేయకుండా రకరకాల చెట్లు కలిసి ఉండడానికి ఇదొక కారణమని వాళ్ల వాదన.

రెక్క లేని చెట్లు జంతువుల్ని నమ్ముకున్నాయి. తునికి పండ్లు, నేరేడు పండ్లు తిన్న ఎలుగుబంటి నాలుగు కొండల అవతల విసర్జిస్తుంది. దుప్పి ఉసిరికాయలు మింగి, తీరుబడిగా నెమరు వేసుకునేటప్పుడు గింజల్ని ఉమ్మేస్తుంది. అడవిలో దుప్పులు తగ్గిపోతే ఉసిరి చెట్టుకు ఆ ఏడాది ఏమీ కాదు, మరుసటి ఏడాదీ ఏమీ కాదు. గింజలు మాత్రం తల్లి కిందే పడి ఉంటాయి. ఒక జాతి కష్టం ఇంకో జాతికి చేరడానికి ముప్ఫై నలభై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

మట్టిలో కాచుకుని ఉండేవి

నేల మీద పడ్డ గింజ వెంటనే మొలవాలని లేదు. కొన్ని జాతులు మట్టిలో నిద్రపోతూ మంచి రోజు కోసం కాచుకుంటాయి. దీన్ని పరీక్షించడానికి విలియం బీల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1879లో మిషిగన్‌లో 20 సీసాల్లో తడి ఇసుకతో కలిపి రకరకాల కలుపు మొక్కల గింజలు నింపి పాతిపెట్టాడు. ఆయన తర్వాత ఒకరు, వాళ్ల తర్వాత ఇంకొకరు, అలా చేతులు మారుతూ ఇప్పటికీ ఒక్కో సీసా తవ్వి చూస్తున్నారు. వెలుతురు తగిలితే మిగతా గింజలు మేలుకుంటాయని చీకట్లో తవ్వుతారు. 2021లో తీసిన సీసాలో, పాతిన 142 ఏళ్ల తర్వాత కూడా కొన్ని గింజలు మొలిచాయి. తర్వాతి సీసా 2040లో తీస్తారు.

మన ఇంటి ముందరి ఖాళీ స్థలంలో వయ్యారిభామ ఎందుకు పోదో దీన్నిబట్టి తెలుస్తుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క 1950లలో పుణెలో కంటబడి, అక్కణ్నుంచి దేశమంతా పాకింది. మొలిచిన నెలకే పూత. ఒక్క మొక్క 15 వేలకు పైగా గింజలు వేయగలదు. మనం పీకేసేది పైకి కనబడే మొక్కల్ని. మట్టిలో నిలవ ఉన్న గింజలు అలాగే ఉంటాయి. ఈ వాన కాకపోతే వచ్చే వాన.

వయ్యారిభామ, ఎర్రచందనం రెండూ మొక్కలే అయినా బతికే తీరులో వీటిది ఉత్తరం దక్షిణం. ఒకటి వానలు పడే ఒక్క సీజన్లో జీవితం ముగించుకుని మొత్తం సంపాదన గింజల్లో పెడుతుంది. తల్లి మొక్కను చంపినా దాని వంశానికి పెద్దగా నష్టం లేదు. రెండోది దశాబ్దాలు బతికి, కొంచెం కొంచెంగా పిల్లల్ని వదులుతూ పోతుంది. దాని ఆస్తి అంతా పెద్ద చెట్టే. ఈ తేడాను మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇద్దరి దారీ కాకుండా మూడో దారి పట్టింది వెదురు. ఏళ్ల తరబడి ఒక్క పువ్వూ పూయకుండా పిలకలు వేసుకుంటూ పెరుగుతుంది. ఒకనాడు ఆ ప్రాంతంలోని పొదలన్నీ ఒక్కసారిగా పూసి, లెక్కలేనన్ని గింజలు రాల్చి, చచ్చిపోతాయి. అడవిలో ఉన్న ఎలుకలు, కోళ్లు, పందులు అన్నీ కలిసి తిన్నా తినలేనంత గింజ ఒకేసారి నేలమీద పడుతుంది కాబట్టి కొంతైనా మిగిలి మొలుస్తుంది. ఏటా కొంచెం కొంచెం వేసి ఉంటే మొత్తం ఎలుకల పాలయ్యేది. మిజోరంలో ఒక రకం వెదురు దాదాపు 48 ఏళ్లకొకసారి ఇలా పూస్తుంది. 1958-59లో పూసినప్పుడు గింజ తిన్న ఎలుకలు విపరీతంగా పెరిగి, గింజ అయిపోగానే పొలాల మీద పడ్డాయి. కరువు వచ్చింది. ఆ కరువులో సాయం కోసం పుట్టిన సంఘమే తర్వాత మిజో నేషనల్ ఫ్రంట్ అయ్యింది, 1966లో తిరుగుబాటు చేసింది. ఒక మొక్క పిల్లల్ని కనే పద్ధతి ఒక రాష్ట్రం చరిత్రలోకి వచ్చి కూర్చుంది. 2006-07లో మళ్లీ పూసేటప్పటికి జనం ముందే సిద్ధంగా ఉన్నారు.

అడుగున్నర ఎత్తు, పన్నెండేళ్ల వయసు

అన్ని జల్లెడల్లో కఠినమైనది మొలక దశ. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేదీ అదే.

జూన్, జులై వానలకు మొలిచిన ఎర్రచందనం మొలక రాళ్ల సందుల్లో రెండు మూడు ఆకులతో నిలబడుతుంది. ఈ చెట్టుకు నీరు నిలవని రాతి నేల కావాలి, వెలుతురు బాగా కావాలి. కడప, తిరుపతి కొండల్లోని పలుగురాతి వాలులు దానికి సరిపోయాయి. అదే రాతి నేల మొలకకు శత్రువు కూడా. వాన వెళ్లిపోయిన రెండు నెలలకు పై మట్టి ఎండి పెళుసైపోతుంది. ఆలోపు వేరు రాతి పగుల్లోంచి తడి ఉన్న లోతుకు దిగి ఉండాలి. దిగకపోతే అంతే. దిగిన దాన్ని మేక కొరుకుతుంది, దుప్పి కొరుకుతుంది. ఫిబ్రవరి నుంచి ఎండు గడ్డికి నిప్పు అంటుకునే కాలం. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు ఆర్పడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. పెద్ద చెట్లకు ఆ మంట బెరడు మీద మసి. మొలకకు అది చావు.

అయినా అన్నీ చావవు. మన పొడి ఆకురాల్చు అడవుల్లోని చాలా జాతులు, ముఖ్యంగా టేకు, శ్రీకాకుళం వైపు కనిపించే సాల వృక్షం లాంటివి, ఇక్కడ ఒక ఉపాయం పట్టాయి. ఎండాకాలంలో పైన ఉన్న కాడ మొత్తం ఎండిపోతుంది, లేదా కాలిపోతుంది. భూమిలో వేరు బతికే ఉంటుంది. వానకు మళ్లీ కొత్త కాడ. మళ్లీ ఎండకు పోవడం. ఇలా అయిదేళ్లు, పదేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ప్రతి వానాకాలం సంపాదించింది వేరులో దాచుకుంటుంది. పైన చూస్తే అడుగున్నర మొక్క, కింద తవ్వితే బొటనవేలు కంటే లావు వేరు. ఏదో ఒక ఏడాది వానలు నిండుగా పడి, మరుసటి ఏడాది మంట రాకుండా ఉంటే, దాచుకున్నదంతా ఒకేసారి ఖర్చుపెట్టి గడ్డిని దాటి, మంట అందని ఎత్తుకు ఎగబాకుతుంది.

దీనివల్ల రెండు సంగతులు. ఒకటి, మొక్కల్లో వయసును బట్టి లెక్క వేస్తే మోసపోతాం. అడుగున్నర ఉన్నది నిరుడు మొలిచిందా, పన్నెండేళ్ల క్రితం మొలిచిందా చూసి చెప్పలేం. మనిషికి పన్నెండేళ్లు అంటే మనకు ఒక అంచనా ఉంటుంది. మొక్కకు ఉండదు. అందుకే అడవిలో సర్వే చేసేవాళ్లు వయసు బదులు దశల్ని లెక్కిస్తారు: మొలకలు ఎన్ని, కర్ర లావు మొక్కలు ఎన్ని, కాపుకొచ్చిన చెట్లు ఎన్ని. పెద్ద చెట్లకు నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న జాతిలో సాధారణంగా చిన్నవి చాలా ఎక్కువగా, నడిమివి ఓ మోస్తరుగా, పెద్దవి కొద్దిగా ఉంటాయి. మధ్యలో ఎక్కడైనా ఖాళీ కనబడితే ఆ కాలంలో ఏదో జరిగిందన్నమాట.

రెండు, ఖాళీ కనబడగానే గుండెలు బాదుకోనక్కర్లేదు. దశాబ్దాలు బతికే చెట్టుకు ఏటా పిల్లలు నిలబడనక్కర్లేదు. మంచి వానలు, మంట లేని ఏళ్లు కలిసొచ్చినప్పుడు ఒక్క ఊపున ఒక గుంపు లేస్తే ఆ లెక్క సరిపోతుంది. ఊళ్లో ఒకే ఏడాది పుట్టినవాళ్లు ఎక్కువమంది ఉన్నట్టు, అడవిలో ఒకే ఈడు చెట్లు గుంపుగా కనబడడం అందుకే. అసలు భయం ఎప్పుడంటే, అలాంటి మంచి రోజు వచ్చేసరికి దాన్ని అందుకోవడానికి భూమిలో వేర్లు లేకపోతే. లేదా గింజ వేయడానికి తల్లి చెట్లు లేకపోతే.

ఏ మెట్టు దగ్గర కాపాడాలి?

ఇక్కడ గణితం పనికొస్తుంది. 1940ల నుంచి శాస్త్రవేత్తలు ఒక జాతి జీవితాన్ని మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఏటా ఎంత శాతం చేరుతున్నారో, ఎంత శాతం ఉన్న మెట్టు మీదే బతికి ఉన్నారో పట్టికలో వేసి, జాతి మొత్తం పెరుగుతుందా తరుగుతుందా తేల్చడం నేర్చుకున్నారు. ఆ పట్టికతో ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు: ఏ ఒక్క మెట్టులో కొంచెం మార్పు వస్తే మొత్తం లెక్క ఎక్కువగా కదులుతుంది?

వయ్యారిభామ లాంటి వాటికి జవాబు గింజల దగ్గర ఉంటుంది. చాలాకాలం బతికే చెట్లకు మాత్రం, ఎన్నో దేశాల్లో ఎన్నో జాతుల మీద చేసిన లెక్కల్లో, దాదాపుగా ఒకే జవాబు వస్తూ ఉంది. కాపుకొచ్చిన పెద్ద చెట్టు మరో ఏడాది బతకడమే అన్నిటికంటే ముఖ్యం. గింజల సంఖ్య రెట్టింపు చేసినా పెద్దగా కదలని లెక్క, ఏటా నూటికి నాలుగైదు పెద్ద చెట్లు అదనంగా పోతే కుప్పకూలుతుంది. కారణం మనం ఇందాక చూసిందే. గింజ అంటే అరవై వేలలో ఒక అవకాశం. కాపుకొచ్చిన చెట్టు అంటే అన్ని జల్లెడలూ దాటి నిలబడ్డ ఒక్కటి. దాని స్థానంలోకి ఇంకోటి రావడానికి మళ్లీ మొదటి జల్లెడ నుంచి బయల్దేరాలి.

గొడ్డలి పడేది సరిగ్గా ఆ చెట్టు మీదే. ఎర్రచందనానికి ధర పలికేది చేవకు, అంటే మాను లోపలి ఎర్రటి గట్టి భాగానికి. చేవ బాగా పట్టడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి దొంగ లేత చెట్టును వదిలేసి, ఏళ్ల తరబడి గింజలు వేస్తూ వచ్చిన లావుపాటి మానును వెతుక్కుంటూ వెళ్తాడు. వాలులో వంద చెట్లలో పది పోతే పది శాతం నష్టం అని రాసుకుంటాం. పోయినవి అన్నిటికంటే ఎక్కువ కాసే పది అయితే నష్టం అంతకు మించి ఉంటుంది. మిగిలిన తొంభై రోడ్డు మీద పోయేవాళ్లకు నిండుగా కనబడుతూనే ఉంటాయి. పెద్దాయన అడిగింది వీటి గురించే.

ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ ఈ చెట్టును 1998లో అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది, 2018లో రెండు మెట్లు తక్కువ ప్రమాదంలోకి మార్చింది, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మళ్లీ పాత ముప్పు జాబితాలోకి తెచ్చింది. గత మూడు తరాల్లో 50 నుంచి 80 శాతం తగ్గిందన్నది దాని అంచనా. ఇక్కడ తరం అంటే ఏడాదో పదేళ్లో కాదు, తల్లి చెట్టు సగటు వయసు. పెద్దాయన తాత కాలంలో ఈ కొండ ఎలా ఉండేదో దానితో పోల్చి చెప్పే మాట అది. ఆయన కిటికీలోంచి పోల్చి చూసుకుంది నిరుటి అడవితో.

ఇదంతా అర్థమయ్యాక నాకు ఒక విషయంలో అభిప్రాయం మారింది. వానాకాలం వస్తే బడి పిల్లలతో, ఇప్పుడైతే డ్రోన్లతో కూడా, కొండల మీద విత్తన బంతులు విసురుతున్నాం. మంచి మనసుతో చేసే పని. పిల్లలకు అడవి మీద ప్రేమ కలిగితే అది చిన్న ఫలితం కాదు. తల్లి చెట్టు ఒక్కటీ మిగలని బోడి గుట్టకు గింజ చేరాలంటే ఇదొక దారి కూడా. కానీ తల్లి చెట్లున్న అడవిలో కొరత గింజలకు కాదు. అక్కడ ఏటా చెట్లే బోలెడు గింజలు విసురుతున్నాయి. కొరత ఉన్నది మొలకకు తొలి మూడు నాలుగు ఎండాకాలాలు దాటే అవకాశానికి, పెద్ద చెట్టుకు ఇంకో పాతికేళ్లు నిలబడే అవకాశానికి. బంతుల మీద పెట్టే శ్రమలో సగం ఫిబ్రవరిలో మంట దాటకుండా గడ్డి చెక్కి దారులు తీయడం మీద, ఆ పని చేసే ఫైర్ వాచర్ల జీతాల మీద పెడితే అడవి ఎక్కువ పిల్లల్ని తనంతట తానే పెంచుకుంటుంది. ఫొటోలో అంత బాగా రాదు, అంతే.

చివరిగా ఒక మోడు గురించి చెప్పాలి. నరికిన ఎర్రచందనం మోడు చాలాసార్లు చావదు. వాన పడగానే బెరడు అంచు నుంచి ఎర్రటి చివుళ్లతో అయిదారు పిలకలు లేస్తాయి. కింద పాతికేళ్ల వేరు ఉంది కాబట్టి, గింజ నుంచి వచ్చిన మొలక కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతాయి. లెక్కలో దాన్ని ఎలా రాసుకోవాలి? కొత్త బిడ్డ అని రాయలేం, అది పాత చెట్టే. రెండు చెట్ల పుప్పొడి కలిస్తే వచ్చే కొత్తదనం దానిలో లేదు. చచ్చిపోయిందనీ రాయలేం. సర్వే చేసేవాళ్లు దానికి విడిగా ఒక గడి పెట్టుకుంటారు. ఆ గడిలో ఉన్నది పూత పూయాలంటే, కాయ కాయాలంటే మళ్లీ ఎన్నో ఏళ్లు ఆగాలి. పైగా ఆ పిలకలు ప్రస్తుతం మేకకు అందే ఎత్తులోనే ఉన్నాయి.

మీరెప్పుడైనా ఆ దారిన పోతూ, వాహనం దిగి చూసే వీలున్న చోట ఆగితే, తల ఎత్తి మానుల్ని చూశాక ఒకసారి కిందికి కూడా చూడండి. గుండ్రటి మూడేసి ఆకులతో, మోకాలి ఎత్తులో, అంచున కాస్త మసి అంటుకుని ఉన్న మొక్క ఉందేమో వెతకండి. కనబడితే పీకి చూడకండి. దాని వేరు మీరనుకున్న దానికంటే లోతుగా ఉంటుంది.